వాట్సాప్ గ్రూపులు నిండిపోయాయి, ఇక ఎటు వెళ్ళాలి? (మిద్దెతోట బృందానికి సలహా కావాలి)

మిద్దెమల్లి (విజయవాడ)
శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారమండీ. విజయవాడ, గుంటూరు వైపు మిద్దె మీద కూరగాయలు పెంచుకునేవాళ్ళ కోసం మేం నడుపుతున్న వాట్సాప్ గ్రూపు ఒకటి కాస్తా నాలుగయింది. ఒక్కోదానిలో 1024 మందే పడతారు కాబట్టి నిండగానే ఇంకోటి తెరుస్తూ వచ్చాం. ఇప్పుడు ఏ గ్రూపు మాటలు ఆ గ్రూపుకే. "మందారకి పిండినల్లి పట్టింది, ఏం కొట్టాలి" అనే ప్రశ్న నాలుగింటిలోనూ రోజూ వస్తుంది. జవాబు చెప్పేది మాత్రం ఆ పదిమందే. చెప్పిందే చెప్పి విసుగొచ్చి వాళ్ళూ ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. వాళ్ళు మానేస్తే గుడ్ మార్నింగులు తప్ప ఇంకేం మిగలవు.

కొందరు టెలిగ్రామ్ అంటున్నారు. మా అబ్బాయి డిస్కార్డ్ అంటున్నాడు. సొంత సైటు పెట్టుకోమని ఇంకొకరు. నెలకి వెయ్యి, పదిహేను వందల దాకా ఖర్చు పెట్టగలం. కంప్యూటర్ పని తెలిసినవాళ్ళు మాలో ఇద్దరున్నారు, ఇద్దరూ ఉద్యోగస్తులే. సభ్యుల్లో సగానికి పైగా యాభై దాటినవాళ్ళు. ఏది ఎంచుకోమంటారు?

రాత్రిడ్యూటీ (హైదరాబాద్)
శనివారం, రాత్రి 9:32

టెలిగ్రామ్‌కి మారిపోండి మేడమ్, గొడవ వదిలిపోతుంది. ఒక్క గ్రూపులో 2 లక్షల మంది దాకా పడతారు. కొత్తగా చేరినవాళ్ళకి పాత చర్చ మొత్తం కనబడేలా పెట్టుకోవచ్చు. 2022 చివర్లో టాపిక్స్ వచ్చాయి, అంటే ఒకే గ్రూపులో తెగుళ్ళకి ఒక గది, విత్తనాల మార్పిడికి ఒక గది, ఎరువులకి ఒక గది. ఫోన్ నంబర్ దాచుకోవచ్చు. వాగుడు ఎక్కువైతే స్లో మోడ్ పెట్టేయండి, ఒకరు వెంటవెంటనే పది మెసేజ్‌లు పెట్టలేరు. పైసా ఖర్చు లేదు.

కోనసీమకుర్రోడు (అమలాపురం)
శనివారం, రాత్రి 9:41

మా అమ్మకి టెలిగ్రామ్ వేసిస్తానంటే "అది సినిమాలు దించుకునేది కదరా" అంది. యాభై దాటినవాళ్ళు సగం మంది అన్నారు కదా, ఆ సగాన్ని మర్చిపోండి అన్నా.

విత్తనాలపెట్టె (వరంగల్)
శనివారం, రాత్రి 10:05

మేం ఆ పని చేసి చూశాం మేడమ్. ఏ యాప్ అన్నది ఇప్పుడు అనవసరం. పిలిస్తే జనం చేరారు, "ఓం నమః శివాయ", "హాయ్" అని పెట్టారు, తర్వాత ఆ యాప్ తెరవలేదు. వాట్సాప్‌ని వాళ్ళు తోట కోసం తెరవరు. మనవరాలి ఫోటో చూడ్డానికి, గ్యాస్ బుకింగ్‌కి, స్కూల్ మెసేజ్‌కి తెరుస్తారు. తోట గ్రూపు అక్కడ ఉంది కాబట్టి కంటబడుతుంది. రెండో యాప్ అంటే దాన్ని తెరవడానికి విడిగా ఓ కారణం ఉండాలి.

ఇంకో సంగతి. జాయిన్ లింకు బయట తిరగడం మొదలయ్యాక "ఇంట్లో కూర్చుని రోజుకు మూడువేలు" బ్యాచ్ దిగింది. అడ్డుకోవడానికి బాట్లు ఉన్నాయి, లేవనను. కానీ రాత్రి పదకొండింటికి ఆ బాటు సెట్టింగులు చూసేదెవరు? ఇక్కడ సలహా చెప్పేవాళ్ళు చూడరు కదా.

పాతకాపు (డాలస్)
ఆదివారం, ఉదయం 6:20

ఏ పరికరం అని అడిగేముందు, అది మూతపడితే మన సరుకు బయటికి తెచ్చుకోగలమా అని అడగండమ్మా.

మేం అమెరికా వచ్చిన కొత్తలో తెలుగువాళ్ళు కలుసుకున్నది యూజ్‌నెట్ అనే పాతకాలం ఇంటర్నెట్ చర్చావేదికలో, సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే గుంపులో. తెలుగు లిపి లేదు. ఇంగ్లిషు అక్షరాల్లోనే తెలుగు రాసే ఆర్టీఎస్ పద్ధతి ఉండేది, పద్యాలు కూడా అందులోనే కొట్టేవాళ్ళం. తర్వాత అందరూ యాహూ గ్రూపులకి చేరారు. సాహిత్యం, ఛందస్సు మీద అక్కడ జరిగిన వాదనలు ఇప్పటికీ తల్చుకునేవాళ్ళున్నారు. 2019 అక్టోబరులో యాహూ ప్రకటన ఇచ్చింది, డిసెంబరులో పాత ఉత్తరాలు, ఫైళ్ళు తీసేసింది, 2020 డిసెంబరు 15న మొత్తం మూసేసింది. ఆర్కుట్ అంతకు ముందే 2014 సెప్టెంబరు 30న పోయింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో. వీటిలో ఏదీ పేరులేని కంపెనీది కాదు.

టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌లో చర్చ మొత్తాన్ని ఫైలుగా దించుకోవచ్చు, అది దాని మంచి గుణం. వాట్సాప్‌లోనూ ఎక్స్‌పోర్ట్ ఉంది కానీ వచ్చేది పొడుగాటి టెక్స్ట్ ఫైలు. అందులోంచి బెండకాయ పల్లాకు తెగులు గురించి ఎవరేం చెప్పారో వెతకడం మీ ఓపిక.

సర్వర్‌రూమ్ (బెంగళూరు)
ఆదివారం, ఉదయం 10:48

నేను డిస్కోర్స్ పక్షం, అంటే సొంత సైటులో చర్చావేదిక నడుపుకునే సాఫ్ట్‌వేర్. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక చేసుకోండి.

ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన జెఫ్ అట్‌వుడ్, ఇంకో ఇద్దరితో కలిసి 2013లో దీన్ని విడుదల చేశారు. ఓపెన్ సోర్స్, లైసెన్సు డబ్బు కట్టక్కర్లేదు. 1 జీబీ మెమరీ ఉన్న సర్వర్ మీద స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడుకునే డిస్కు జాగా) పెట్టుకుంటే నడుస్తుంది కానీ 2 జీబీ తీసుకోండి, తలనొప్పి ఉండదు. మీరు చెప్పిన బడ్జెట్లో వస్తుంది.

నాకు ఇందులో బాగా నచ్చేది ట్రస్ట్ లెవెల్స్. కొత్తగా వచ్చిన మనిషి సున్నా స్థాయిలో ఉంటాడు, లింకులకీ ఫోటోలకీ హద్దులుంటాయి. కనీసం 5 చర్చలు తెరిచి, 30 టపాలు, పది నిమిషాలు చదివాక ఒకటో స్థాయికి దానంతటదే పెంచుతుంది. ఆ ఇంటి నుంచి పని బ్యాచ్‌కి అంత ఓపిక ఉండదు. బాగా పాల్గొనేవాళ్ళు మూడో స్థాయికి వచ్చేసరికి చర్చల శీర్షికలు సరిదిద్దడం, తప్పు విభాగంలో పడినవాటిని మార్చడం వాళ్ళే చేసుకోగలరు. అంటే మీ అడ్మిన్ల పని కొంత సభ్యుల మీదికి మెల్లగా జారుతుంది. వాట్సాప్‌లో ఉన్నవి రెండే మెట్లు, అడ్మిన్ లేదా మామూలు సభ్యుడు. పదేళ్ళుగా తోట పెంచుతున్న మనిషికీ నిన్న చేరిన మనిషికీ అక్కడ తేడా లేదు.

ఒక టపాని వికీగా మార్చొచ్చు, అర్హత ఉన్న సభ్యులెవరైనా సరిదిద్దుతారు. మీ పిండినల్లి జవాబు అలా ఒక్కచోట ఉంటుంది.

ఇక ఇబ్బందులు. సాఫ్ట్‌వేర్ ఎక్కించడం గంట పని. అసలు చిక్కు ఈమెయిల్‌తో. చాలా సర్వర్ కంపెనీలు మెయిల్ బయటికి వెళ్ళే 25వ పోర్టుని మూసి ఉంచుతాయి, కాబట్టి మెయిల్ పంపడానికి వేరే సర్వీసు తీసుకోవాలి. మెయిల్ నిజంగా మీరు పంపిందేనని రుజువు చేసే ఎస్పీఎఫ్, డీకిమ్ రికార్డులు డొమైన్‌కి పెట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో గట్టిగా ఉంది. ఇవి సరిగ్గా లేకపోతే మీ "ఖాతా తెరవండి" మెయిల్ స్పామ్‌లో పడుతుంది, ఆ మెయిల్ కోసం చూసే సభ్యురాలేమో "మీ సైటు పని చెయ్యట్లేదు" అంటారు. రెండోది ఫోటోలు. ఈ కాలం ఫోన్‌లో తీసిన ఆకు ఫోటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది. సైజు తగ్గించే సెట్టింగు మొదటి రోజే ఆన్ చేసి పెట్టండి. కొత్తవాళ్ళకి ఉండే ఫోటోల హద్దు కూడా కొంచెం సడలించాలి, ఎందుకంటే మీ దగ్గర మొదటి ప్రశ్నే ఫోటోతో వస్తుంది.

మిద్దెమల్లి
ఆదివారం, మధ్యాహ్నం 12:15

ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలండీ. మా అబ్బాయి చెప్పింది డిస్కార్డ్, మీరు చెప్పేది డిస్కోర్స్. రెండూ ఒకటి కావు కదా? ఇంకొక సందేహం. మావాళ్ళలో చాలామందికి మెయిల్ ఐడీ ఫోన్ కొన్న షాపువాళ్ళు పెట్టిచ్చిందే. పాస్‌వర్డ్ వాళ్ళకి తెలీదు. ఫోన్‌కి ఓటీపీ వచ్చేలా పెట్టలేమా? ఇంకా, సగం మంది టైప్ చెయ్యరు, వాయిస్ మెసేజ్ పెడతారు.

సర్వర్‌రూమ్
ఆదివారం, మధ్యాహ్నం 1:02

వేరువేరండీ. డిస్కార్డ్ 2015లో వీడియో గేమ్‌లు ఆడుకునే పిల్లల కోసం వచ్చిన చాట్ యాప్. మాటామంతీకి బాగుంటుంది, మీ అబ్బాయి వయసువాళ్ళకి అలవాటు. కానీ లోపల జరిగింది గూగుల్‌లో దొరకదు.

ఓటీపీ జోలికి వెళ్ళొద్దు. మన దేశంలో అలాంటి ఎస్సెమ్మెస్‌లు పంపాలంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్టీ అనే టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థలో సంస్థగా నమోదు కావాలి, పంపేవారి పేరు, మెసేజ్ నమూనా ముందే ఆమోదం పొందాలి. ఆపైన ఒక్కో మెసేజ్‌కీ డబ్బు. "గూగుల్‌తో లాగిన్" బటన్ ఒక్కటే ఉంచండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఖాతా ఎలాగూ తెరిచే ఉంటుంది, పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి వస్తారు.

వాయిస్‌కి నా దగ్గర మంచి జవాబు లేదు. కీబోర్డులో తెలుగు మైకు ఉంది, మాట్లాడితే అదే రాస్తుంది. నేర్పించాలి.

రాత్రిడ్యూటీ
ఆదివారం, మధ్యాహ్నం 2:30

అన్నా, అంతా బాగానే ఉంది. సైటు తెరిచిన మర్నాడు ఎవరొస్తారు? ఊరవతల కట్టిన కొత్త బస్టాండులా ఉంటుంది, బోర్డు వెలుగుతుంది, జనం మాత్రం పాత సెంటర్లోనే బస్సెక్కుతారు. వెబ్ వాడకం మీద పరిశోధన చేసే జేకబ్ నీల్సన్ 2006లో రాసిన 90-9-1 లెక్క మీకు తెలిసే ఉంటుంది. నూటికి 90 మంది చదివి వెళ్ళిపోతారు, 9 మంది అప్పుడప్పుడూ మాట్లాడతారు, ఎక్కువ భాగం రాసేది ఆ ఒక్కరే. మేడమ్‌కి నాలుగు వేల మంది ఉన్నారు అనుకుంటే రాసేది నలభై మంది. అందులో సైటుకి కదిలేది పదిమంది కూడా ఉండరు. ఆ పదిమంది ఒకరికొకరు జవాబులు చెప్పుకోవాలి.

అసలు కావలసింది జవాబులు దాచుకోవడమే అయితే ఒక గూగుల్ డాక్ రాసి లింకు పిన్ చెయ్యండి. సర్వర్ ఎందుకు, డీకిమ్ ఎందుకు?

అక్షరమాల (రాజమహేంద్రవరం)
ఆదివారం, సాయంత్రం 5:55

రాత్రిడ్యూటీ గారు సగం నిజం చెప్పారు. మాటలకీ జవాబులకీ ఒకే పరికరం వెతకడం వల్ల వస్తున్న చిక్కు ఇది. ఈ రెండిటినీ విడదీయండి. తెలుగు వికీపీడియా 2003 నుంచి చేస్తున్నది అదే. రచ్చబండ అనే చర్చా పేజీలో ఎంతైనా వాదించుకుంటారు, ఆ వాదన పాతబడి భాండాగారంలోకి పోతుంది. తేలిన విషయం వ్యాసంలో నిలుస్తుంది. పాఠకుడు వ్యాసమే చదువుతాడు.

మిద్దెమల్లి గారూ, మీ నాలుగు గ్రూపులనీ ఎక్కడికీ కదపకండి. 2022 నవంబరులో వాట్సాప్ కమ్యూనిటీలు వచ్చాయి, నాలుగింటినీ ఒక కమ్యూనిటీ కింద కట్టేయండి. అందరికీ చేరే ప్రకటనల గ్రూపు ఒకటి వస్తుంది. ఇది ఉచితం, పది నిమిషాల పని, ఇవాళే చెయ్యొచ్చు. జవాబుల కోసం మాత్రం విడిగా ఒక చోటు పెట్టండి. నాలుగు వేల మందిని అక్కడికి రమ్మనక్కర్లేదు. జవాబులు చెప్పే ఆ పదిమంది వస్తే చాలు. గ్రూపులో పిండినల్లి అని ఎవరైనా అడగ్గానే లింకు పెట్టండి. అడిగినావిడ ఖాతా తెరవకుండానే చదువుకుంటుంది. చదివాక ఇంకేదైనా అడగాలనిపిస్తే అప్పుడు తెరుస్తుంది.

గూగుల్ డాక్ ఎందుకు చాలదంటే, "వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టండి" అని రాసి ఊరుకుంటే సరిపోదు. "కొట్టాను, ఆకు మాడింది" అని ఒకరంటారు. "ఎండలో కొట్టారేమో" అని ఇంకొకరంటారు. జవాబు పక్కనే ఆ సంభాషణ కూడా ఉండాలి, దాన్ని బట్టి జవాబు మారాలి.

తెలుగుకి సంబంధించిన చిక్కు ఒకటుంది, ఇంగ్లిషులో పనిచేసేవాళ్ళకి ఇది తట్టదు. డిస్కోర్స్ వెతుకులాట పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద నడుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో హిందీకి, తమిళానికి పదం మూలరూపం పట్టే ఏర్పాటు ఉంది, తెలుగుకి లేదు. "టమాటా" అని వెతికితే "టమాటాకి", "టమాటాలో" దొరకొచ్చు, మొదలు ఒకటే కాబట్టి. "చెట్టు" అంటే "చెట్లకి" దొరకదు. ఇక జనం వెతికేది సగం సార్లు ఇంగ్లిషు అక్షరాల్లో. మందార అన్న మాటనే నాలుగు రకాలుగా కొడతారు. అందుకని ప్రతి జవాబు కిందా ఒక వరుసలో ఆ పేర్లన్నీ, ఇంగ్లిషు స్పెల్లింగులతో సహా రాసి పెట్టండి. చూడ్డానికి అందంగా ఉండదు, పని చేస్తుంది.

విత్తనాలపెట్టె
ఆదివారం, సాయంత్రం 6:20

ఇది నచ్చింది. పిలవకుండా లింకు ఇవ్వడం.

నల్లకోటు (కర్నూలు)
ఆదివారం, రాత్రి 8:14

వకీలుగా నాలుగు మాటలు. వాట్సాప్ అడ్మిన్ అయినంత మాత్రాన సభ్యుడు పెట్టిన చెడ్డ పోస్టుకి బాధ్యుడు కాడని బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. ముందే కూడబలుక్కుని చేస్తే వేరే సంగతి. కాబట్టి గ్రూపుల విషయంలో మరీ టెన్షన్ పడకండి.

సొంత సైటు తెరిస్తే మాత్రం చట్టం దృష్టిలో మీరు మధ్యవర్తి, అంటే ఇతరులు రాసింది చూపించే వేదిక నడిపేవారు అవుతారు. ఐటీ చట్టం 79వ సెక్షన్ ఇచ్చే రక్షణ కావాలంటే 2021 నిబంధనలు పాటించాలి. వినియోగ షరతులు, ఫిర్యాదులు చూసే మనిషి పేరు, సంప్రదించే దారి సైటులో కనబడాలి. ఫిర్యాదు వస్తే 24 గంటల్లో అందిందని చెప్పాలి, నిబంధనల్లో ఉన్న గడువులోగా తేల్చాలి. కష్టమేం కాదు, ఒక పేజీ రాసి, ఒక మెయిల్ ఐడీ పెట్టి, దాన్ని రోజూ చూసే మనిషిని ఏర్పాటు చేసుకుంటే చాలు.

ఇంకోటి. సభ్యుల ఫోన్ నంబర్లు ఎక్సెల్ షీటులో దాచుకుని ఉంటే దాన్ని అడ్మిన్లు ఒకరికొకరు పంపుకోకండి. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. సభ్యులు మీకు నంబరు ఇచ్చింది తోట గురించి మాట్లాడటానికే. రేపు దాన్ని నర్సరీవాళ్ళకి ఇస్తే అడిగే హక్కు సభ్యులకుంటుంది.

మిద్దెమల్లి
ఆదివారం, రాత్రి 8:40

నంబర్ల సంగతి తెచ్చినందుకు థాంక్సండీ. మా గ్రూపుల్లో ఆడవాళ్ళే ఎక్కువ. గ్రూపులో నంబరు చూసి విడిగా మెసేజ్‌లు పెట్టే మగవాళ్ళతో వేగలేక వెళ్ళిపోయినవాళ్ళున్నారు. బయటికి చెప్పరు, నిశ్శబ్దంగా ఎగ్జిట్ అవుతారు. కమ్యూనిటీ చేస్తే ఇది తగ్గుతుందా?

అక్షరమాల
ఆదివారం, రాత్రి 9:03

ప్రకటనల గ్రూపులో మామూలు సభ్యుల నంబర్లు ఒకరికొకరివి కనబడవు, అడ్మిన్లకి కనబడతాయి. లోపలి గ్రూపుల్లో మాత్రం ఎప్పటిలాగే కనబడతాయి. మాట్లాడకపోయినా ఫరవాలేదు, చదివితే చాలు అనుకునేవాళ్ళని ప్రకటనల గ్రూపులో ఉంచి, లోపలి గ్రూపుల నుంచి తప్పుకోమనండి. డిస్కోర్స్‌లో నంబరే అడగరు, ముద్దుపేరుతో ఉండొచ్చు. కొత్తవాళ్ళు విడిగా సందేశాలు పంపలేరు కూడా. చాలామంది ఆడవాళ్ళు అక్కడ ఇంకా ధైర్యంగా రాస్తారని నా నమ్మకం.

కోనసీమకుర్రోడు
ఆదివారం, రాత్రి 9:15

"హాయ్ మేడమ్ తిన్నారా" బ్యాచ్‌కి కూడా ట్రస్ట్ లెవెల్ పెట్టాలి.

బీరపాదు (ఖమ్మం)
సోమవారం, ఉదయం 7:30

పెరగడం గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు తోట వీడియోల ఛానెల్ ఉంది, చిన్నదే. నా అనుభవంలో కొత్త మనుషులు వచ్చేది యూట్యూబ్ నుంచి, ఫేస్‌బుక్ గ్రూపుల నుంచి, గూగుల్ నుంచి. వాట్సాప్ నుంచి వాట్సాప్‌కి వచ్చేవాళ్ళు ఆల్రెడీ మన చుట్టాలే. ఫేస్‌బుక్ గ్రూపుని తీసిపారెయ్యకండి. అక్కడ పాత పోస్టు వెతికి పట్టుకోవడం నరకం, ఏది ఎవరికి కనబడుతుందో మన చేతిలో ఉండదు, అయినా అడగకుండానే కొత్తవాళ్ళకి చూపిస్తుంది. అక్కడ ఫోటోలు పెట్టండి, వివరానికి మీ సైటు లింకు ఇవ్వండి.

కాలం కూడా చూసుకోండి. మేలో తెరిస్తే ఎవరూ పలకరు, ఎండకి మొక్కలు కాపాడుకోవడమే సరిపోతుంది. జూన్‌లో నాలుగు చినుకులు పడగానే అందరికీ చిక్కుడు, బీర, సొర విత్తనాలు కావాలి. విత్తనాల మార్పిడి విభాగం ఆ వారం తెరవండి. "నా దగ్గర ఇవి ఉన్నాయి, నాకు ఇవి కావాలి" అన్న పట్టిక చాట్‌లో నిలబడదు, అరగంటలో పైకి కొట్టుకుపోతుంది. సైటుకి రావడానికి విడిగా ఓ కారణం కావాలని విత్తనాలపెట్టె గారు అన్నది అదే.

రాత్రిడ్యూటీ
సోమవారం, ఉదయం 9:05

విత్తనాల పట్టిక మాట ఒప్పుకుంటాను. అది చాట్‌లో అవ్వదు, టెలిగ్రామ్ టాపిక్‌లో కూడా కష్టమే. కానీ ఒక షరతు. ఖాళీ సైటు చూపించకండి. మాటిమాటికీ వచ్చే ప్రశ్నలకి జవాబులు ముందే రాసి పెట్టుకున్నాకే లింకు బయటపెట్టండి.

పాతకాపు
సోమవారం, ఉదయం 9:50

ఆ రాసేవాళ్ళ పేరు జవాబు మీద కనబడేలా పెట్టమ్మా. వాట్సాప్‌లో ఎవరు చెప్పారో మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. పేరుంటే మనిషి ఆ జవాబుని తనదనుకుని చూసుకుంటాడు.

మిద్దెమల్లి
సోమవారం, రాత్రి 8:20

నిన్న రాత్రి మా అడ్మిన్లతో మాట్లాడాను. నాలుగు గ్రూపుల్నీ కమ్యూనిటీ కింద చేర్చేశాం. డిస్కోర్స్ పెట్టాలని నిర్ణయం అయింది, గూగుల్ లాగిన్ ఒక్కటే. జవాబులు చెప్పే పదిమందినీ అడిగితే ఏడుగురు సరేనన్నారు, ఇద్దరు "టైపింగ్ మావల్ల కాదు, వాయిస్ పెడతాం, మీరు రాసుకోండి" అన్నారు. మా కోడలు రాసి పెడతానంది. టెలిగ్రామ్ ఇప్పటికి వద్దనుకున్నాం. ఫేస్‌బుక్ గ్రూపు ఎలాగూ ఉంది, నిద్రపోతోంది, దాన్ని లేపుతాం. నల్లకోటు గారూ, ఫిర్యాదుల పేజీ రాశాక మీకు చూపిస్తాను, ఒకసారి చూసిపెట్టండి.

ఒక్క ప్రశ్న మిగిలింది. డొమైన్, సర్వర్ ఎవరి పేరున తియ్యాలి? మా సంఘానికి రిజిస్ట్రేషన్ లేదు. ఆ ఇద్దరు కుర్రాళ్ళలో ఒకరి కార్డు మీద కొనేద్దామా?

సర్వర్‌రూమ్
సోమవారం, రాత్రి 9:11

కార్డు ఎవరిదైనా ఫరవాలేదు కానీ ఖాతా ఒకరి సొంత మెయిల్ మీద పెట్టకండి. బృందం పేరుతో కొత్త మెయిల్ ఐడీ తెరిచి డొమైన్, సర్వర్, మెయిల్ సర్వీసు మూడూ దాని మీదే తీసుకోండి. పాస్‌వర్డ్, రెండో దశ తాళం కోడ్లు మీ దగ్గరా ఇంకొకరి దగ్గరా కాగితం మీద ఉండాలి. ఆ కుర్రాడికి ఉద్యోగం మారి ఊరు వదిలినా సైటు ఆగదు. డొమైన్ ఒకేసారి మూడేళ్ళకి కట్టేయండి, రెన్యువల్ మర్చిపోయి పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ.

బ్యాకప్ రోజూ తీసుకునేలా డిస్కోర్స్‌లోనే సెట్టింగు ఉంది, మొత్తం ఒక్క ఫైలుగా వస్తుంది. అది ఆ సర్వర్ మీదే ఉంటే లాభం లేదు, వారానికోసారి వేరే చోటికి దించుకోండి. ఆ ఫైలుని ఇంకో సర్వర్ మీద ఎక్కించి తెరుచుకుంటోందో లేదో జనానికి లింకు ఇచ్చేముందే ఒకసారి చూడండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మెయిల్ దగ్గర ఆగిపోతే ఇక్కడే రాయండి, చూస్తాను.